నడిమి పెట్టె

నెల్లికుదురులో ఎవరింట్లో హోమ్ థియేటర్ పెట్టించుకున్నా స్పీకరు పెట్టెల్ని జత కుదర్చడానికి మెహనాజ్ రావాల్సిందే. తలో రకం స్పీకర్లు కలిపితే ఒకటి గొంతు చించుకుంటుంది, ఇంకొకటి ముక్కుతో పలుకుతుంది. పైగా పాత పెట్టె తను విన్నదంతా దాచుకుంటుంది కదా. చావింటి పెట్టెను పెళ్లింటి పెట్టె పక్కన పెడితే నెలంతా ఏడుపే. అందుకే ఒకే మనిషి గొంతు విన్నవాటిని ఏరి కలుపుతారు.

వీరేందర్ తన ఇంటి కొత్త హాలుకు పిలిస్తే మెహనాజ్ కాదనలేదు. ఆమె తమ్ముడు ఆమెర్ అతని కారు డ్రైవరు. వానలో గొర్రెల కాపరి పెద్దులును ఆ కారుతో గుద్ది చంపింది తానేనని ఒప్పుకుని మానుకోట జైల్లో కూర్చున్నాడు. ములాఖత్‌కు పోతే తల ఎత్తడు. ఇందులో వీరేందర్ చెయ్యుందని ఆమెకు గట్టి అనుమానం. ఏడాదిగా ఆ కడుపుమంటను ఆరనివ్వలేదు.

"నాలుగు కుదిరినయన్నా. నడిమి పెట్టెకు నీ గొంతు బాగా ఇన్నది కావాలె," అంది.

"కారుల పాతయి తీసేసినం. గవి పడున్నయ్, తీస్కో," అన్నాడు వీరేందర్.

అతనికి భయమేముంది? పాట మోగుతున్న పెట్టెకు మాటలు వినపడవని ఊరంతా నమ్ముతుంది. పెద్దులు పోయిన రోజు కారులో పాట హోరెత్తిపోయింది మరి. కానీ మాట పాట కింద అణిగి ఉంటుందని, అయిదూ కుదిరితే పాట పక్కలకు, చప్పుళ్లు వెనక్కు, మాట నడిమికి పోతాయని మెహనాజ్‌కు తెలుసు. చెప్పలేదు.

చుట్టాలంతా సోఫాల్లో సర్దుకున్నాక స్విచ్చి వేసింది. పక్కల పాట మొదలైంది. వెనక వాన, గొర్రెల అరుపులు, ఒక మనిషి కేక. అప్పుడు నడిమి పెట్టె వీరేందర్ గొంతుతో మాట్లాడింది.

"నేను నడిపిన్నని నోరిప్పినవో, ఆమెర్, మీ అక్కను ఊర్ల బతకనియ్య."

తన కోసమా! మెహనాజ్‌కు ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"బంద్ చెయ్ మెహనాజ్, నీ కాళ్లు మొక్కుత," అన్నాడు వీరేందర్.

"మా తమ్ముడు గూడ గిట్లనే మొక్కిండేమో, గదిగూడ ఇందాం," అని ఆమె సౌండు పెంచింది. అతని మొహం పాలిపోతుంటే కళ్లారా చూసింది.

వీరేందర్ భార్య రజిత లేచింది. ఆపేస్తుందనుకున్నారంతా. ఆమె కిటికీలన్నీ బార్లా తెరిచింది.

"పెద్దులన్న పెండ్లాం గీ గల్లీలనే ఉన్నది. ఆమె గూడ ఇనాలె," అంది.

గల్లీవాళ్లు కబురు పెడితే పోలీసులు వచ్చి వైర్లు పీకి, నడిమి పెట్టెను వీరేందర్ ఒళ్లోనే పెట్టి జీపెక్కించారు. వైర్లు లేకపోయినా, ఠాణా దాకా అది చెబుతూనే ఉంది.