ప్రవర్తన మార్కులు

గుండీలు కుట్టే పెద్దమ్మను సూపర్‌వైజరు రెక్క పట్టుకుని బయటికి నడిపిస్తుంటే కుట్టుమిషన్ల హాలంతా తలెత్తి చూసింది.

"నేనేం చేశాను నాయనా?"

సూపర్‌వైజరు గోడమీది తెర చూపించాడు. "నన్నడుగుతావేం? కంప్యూటర్ చెప్పింది. నీకు మార్కులు చాల్లేదంట."

కాలర్లు కుట్టే అక్కకు ఒళ్లు మండిపోయింది. పెద్దమ్మ కుట్టిన గుండీ ఊడిందని ఏనాడూ ఎవరూ అనలేదు. తాగే నీళ్లు కంపు కొడుతున్నాయని మొన్న గట్టిగా అడిగింది మాత్రం పెద్దమ్మే.

భోజనాల వేళ గొడవ రేగింది.

"ఆ కంప్యూటర్ డబ్బా పగలగొడదాం!" అన్నాడు ఇస్త్రీ మామ.

"పగలగొడితే ఇంకోటి తెస్తారు. దాని నోట్లో మాట పెడుతున్నదెవరో అడుగుదాం పదండి," అంది అక్క.

అందరూ ఆఫీసు గుమ్మం ముందు నిలబడ్డారు. మార్కుల అధికారి పాఠం చెప్పే వీలు దొరికిందని ఉబ్బిపోయాడు.

"మీ బుర్రలకెక్కేలా చెబుతా. డేటా అంతా ఒక రకం కాదు. కుట్టిన ముక్కలెన్నో మిషన్ లెక్కపెడుతుంది. కుట్టు సరిగ్గా ఉందో లేదో తనిఖీలో తేలుతుంది. ప్రవర్తన అనేది అభిప్రాయం. మూడూ కలిపితే ఒక్క అంకె!"

"పెద్దమ్మ ముక్కలు తగ్గాయా?" అని అడిగింది అక్క.

"లేదు."

"కుట్టు?"

"బాగానే ఉంది."

"మరి ప్రవర్తన మార్కులు వేసిందెవరు?"

అధికారి కళ్లు పక్కనే ఉన్న సూపర్‌వైజరు మీదికి పోయాయి.

అదీ వాళ్ల విద్య! కక్షకు దశాంశం చుక్క పెడితే శాస్త్రమైపోతుందట. మనిషి కోపాన్ని యంత్రంలో పోసి తిప్పితే న్యాయమై బయటికొస్తుందట.

"ఓరి పిరికి సన్నాసీ! నీళ్లడిగిందని సున్నా వేసి కంప్యూటర్ చాటున నక్కావా!" అన్నాడు ఇస్త్రీ మామ సూపర్‌వైజరును చూసి. గుంపు ఘొల్లుమంది. ఆ నవ్వుతో సగం భయం కొట్టుకుపోయింది.

"పెద్దమ్మ తిరిగొచ్చేదాకా సూది ఆడదు," అంది అక్క.

"ఆడదు!" అంది గుంపు.

"అందరికీ ప్రవర్తన సున్నా వేస్తా!" సూపర్‌వైజరు గొంతు కీచుమంది.

"వేసుకో. తర్వాత చొక్కాలు నువ్వే కుట్టుకో!" అంది అక్క.

మిషన్లు ఆగిపోయాయి. సాయంత్రానికి పోలీసులొచ్చి అక్కను వ్యాను ఎక్కించారు. ఆమె తల దించలేదు.

గేటు దగ్గర వ్యాను ఆగిపోయింది. రెండో షిఫ్టువాళ్లు దారికడ్డంగా నేలమీద కూర్చున్నారు.

"లోపలికి నడవండి!" అని అరిచాడు సూపర్‌వైజరు.

"ముందు మా అక్కను బండి దింపు," అంది అక్కతో ఏనాడూ మాటైనా కలపని, ఆ షిఫ్టులోని ఒక కోడలుపిల్ల.

వెనక నుంచి ఇంకా జనం వచ్చి కూర్చుంటూనే ఉన్నారు.