మా పేర్లు తీసెయ్యుండ్రి

సాబెరా దుకాణం షటరు పొద్దున్నే ఎత్తి ఉంది. లోపల బల్బు వెలుగుతోంది. అరుగు మీద విప్పిన మోటరు ముందు కూచుని ఆమె రాగి తీగ చుడుతోంది. కళ్లున్నవాడెవడికైనా అది తెరిచిన దుకాణమే. హవేలిఘనపూర్ రైతు వెంకట్రాములు మాత్రం ట్రాలీ ఆటో ఆపించి దిగి, ఆమెను చూసి దయ్యాన్ని చూసినట్టు నిలబడిపోయాడు.

"నువ్వు ఈడనే ఉన్నవా, సాబెరక్కా? మీ దుకాణం బంద్ వెట్టిండ్రని ఫోన్ల రాసి ఉన్నది గదా."

ఆటోలో అతని బోరు మోటరు ఉంది. అది కాలిపోవడం ఈ యాసంగి పంటకు రెండోసారి. మొదటిసారి కాలినప్పుడు అతను ఎప్పటిలాగే ఫోన్లో "పనిమంతులు" తెరిచాడు. మెదక్ చుట్టుపక్కల పనివాళ్లందరి పేర్లూ నంబర్లూ ఒక్కచోట చూపించే వెబ్‌సైటు అది. అందులో సాబెరా దుకాణం పేరు పక్కన ఎర్రటి అక్షరాలు: శాశ్వతంగా మూసివేయబడింది. కింద ఇంకేదో నంబరు. దానికి ఫోను చేస్తే ఎవరో ఆడపిల్ల తియ్యగా మాట్లాడి వేరే దుకాణానికి పంపింది. అక్కడ హడావుడిగా వైండింగ్ చేసి ఇచ్చారు. మూణ్ణాళ్లకే మోటరు మళ్లీ కాలింది. ఈలోగా పొట్టకొచ్చిన వరి ఎండుముఖం పట్టింది, మడి నెర్రెలు విచ్చింది.

వెంకట్రాములు ఫోను ఆమె చేతికిచ్చాడు. సాబెరా చదివింది. నమ్మలేక మళ్లీ చదివింది. బతికున్న మనిషికి దినాలు చేయడమంటే ఇదే కదా! మోటర్లు కాలే కాలం వచ్చినా ఫోను మోగకపోతే ఇప్పటిదాకా తన నసీబే అనుకుంది. బోరు దగ్గర కాలు విరగ్గొట్టుకుని ఇంట్లో పడున్న మొగుడు జియా మీద విసుక్కుంది. కిరాయి కట్టలేక, నెలాఖరుకు దుకాణం ఖాళీ చేస్తానని యజమానికి మాట కూడా ఇచ్చేసింది. తండ్రి చేతి కింద నేర్చిన పని, తండ్రి పెట్టిన దుకాణం. అది తన చేతగానితనం వల్ల పోతోందని ఇన్నాళ్లూ లోలోపల కుమిలిపోయింది. ఎవడో కుర్చీలో కూచుని ఒక్క మీట నొక్కి దాన్ని మూశాడని ఇప్పుడు తెలిసింది.

ఆ కుర్చీలో మనిషి మురళీధరరావు. తాత వడ్డీలు తిప్పాడు, తండ్రి రోడ్ల కాంట్రాక్టులు చేశాడు, ఈయన వెబ్‌సైటు పెట్టాడు. తీసుకునే చెయ్యి మాత్రం మారలేదు. మొదట్లో ఆయన మనుషులు బళ్ల మీద వచ్చి, అక్కా అన్నా అని వరసలు కలిపి, పైసా ఖర్చు లేదని చెప్పి గల్లీ గల్లీలో పేర్లు ఎక్కించుకున్నారు. సాబెరా కూతురు ఫరీహా పాలిటెక్నిక్‌లో చదువుతూ తల్లి పని ఫొటోలతో ఓ చిన్న సైటు తయారుచేస్తే, దాన్ని కూడా భేష్ అంటూ అందులో కలుపుకున్నారు. జనానికి అలవాటయిందాకా నక్క వినయం. అలవాటయ్యాక ఫీజు. మరుసటి ఏడు అంతకు రెట్టింపు. పేరు పైన కనిపించాలంటే ఇంకో ఫీజు. కట్టనివాడి దుకాణం మూతపడినట్టే, వాడికి రావలసిన ఫోను కట్టినవాడికి పోయినట్టే. ఏరు దాటాక తెప్ప తగలేయడం అందరికీ తెలుసు. ఈయన ఆ తెప్పకే కిరాయి అడిగాడు.

వెంకట్రాములు మోటరు దింపించుకుని, అతన్ని వెంటబెట్టుకుని సాబెరా బస్టాండు దగ్గరి పనిమంతులు ఆఫీసు మెట్లెక్కింది. అప్పటికే అక్కడ ఇద్దరున్నారు. ఫ్రిజ్‌లు, కూలర్లు బాగుచేసే లాజరు, పెళ్లిళ్లకు వంట చేసే ఆగమ్మ. వాళ్లవీ అవే ఎర్రక్షరాలు. ముహూర్తాల రోజుల్లో ఇంట్లో ఖాళీగా కూచున్నానని ఆగమ్మ చెబుతోంది. మురళీధరరావు ఫోను చూసుకుంటూ వింటున్నాడు. దున్నపోతు మీద వాన.

అదంతా కంప్యూటర్ చేసే పని, తన చేతిలో ఏమీ లేదన్నాడాయన. ఫీజు కడితే ఎరుపు పోయి పచ్చగా వస్తుందన్నాడు. వైండింగ్ రత్నాకర్‌ను చూసి నేర్చుకోమన్నాడు, అతను అప్పుచేసి కట్టాడు, ఇవాళ తిండికి తీరిక లేదన్నాడు.

"నా దుకాణం నేను మూసిన్నా సారూ? తెరిచున్నదాన్ని మూసిండ్రని ఎట్ల రాస్తరు?" సాబెరా అడిగింది.

"ఫీజు కట్టని దుకాణం మా లెక్కల మూసినట్టేనమ్మా."

లాజరుకు ముక్కు మీద కోపం. అతను టేబులు మీద చెయ్యి వేసి అన్నాడు. "నీ ఫీజు వద్దు, నీ పచ్చరంగు వద్దు. నా పేరు తీసెయ్యి. ఇప్పుడే, నా కండ్ల ముందల తీసెయ్యి."

అప్పుడు జరిగింది విచిత్రం. రావుగారు ఫోను పక్కన పెట్టాడు. కుర్చీ చూపించి కూచోమన్నాడు. చాయ్ తెమ్మని కేకేశాడు. తీయడం ఎందుకు తమ్మీ, ఈ ఏడాది ఫ్రీగా ఉంచుతా, నువ్వు నాకు పరాయోడివా అన్నాడు. లాజరు ఆ మర్యాదకు తికమకపడి కూచున్నాడు. సాబెరా మాత్రం ఆ మొహాన్నే చూస్తోంది. పేరు పెట్టమని బతిమాలినంతసేపూ తలెత్తనివాడు, తీసెయ్యమనగానే చాయ్ పోస్తున్నాడు. ఈ మనిషికి భయం ఎక్కడుందో ఆమెకు దొరికింది.

ఆ సాయంత్రం ఆగమ్మ ఇంటి వెనక, ఆమె గాడిపొయ్యిలు తవ్వుకునే ఖాళీ జాగాలో పనివాళ్లంతా కూడారు. ప్లంబర్లు, టెంటువాళ్లు, కుట్టుపనివాళ్లు, మోటరు మెకానిక్కులు. ఫీజు కట్టినవాళ్లొక పక్క, కట్టనివాళ్లొక పక్క ఎవరూ చెప్పకుండానే విడివిడిగా నిలబడ్డారు. కలెక్టరుకు అర్జీ ఇద్దామని ఒకరు, ఫీజు సగం చేయమని అడుగుదామని ఒకరు. ఇంకో సైటు మనమే పెడదామంటే, దానికి పెట్టుబడి నీ అయ్య పెడతాడా అని ఇంకొకరు. సగం ఫీజు వచ్చే ఏడు మళ్లీ పూర్తిదవుతుందని లాజరు అరిచాడు. సాబెరాకు అంతమందిలో మాట్లాడిన అలవాటు లేదు. అయినా లేచింది.

"మనం ఇన్ని దినాలు పేరు వెట్టుమని మొక్కినం. ఆయనకాడ ఉన్నదేంది? మిషినుందా, పానా ఉందా? మన పేర్లే ఆయన దుకాణం. అందరం ఒక్కసారి తీసెయ్యుమందం. ఆయన ఆఫీసు నుంచి ఎవరికి ఫోనొచ్చినా బంద్ ఉన్నదని చెప్పుదం."

గుంపులో కదలిక. అప్పుడు రత్నాకర్ ముందుకొచ్చాడు. సాబెరాకు రావలసిన గిరాకీ నెలలుగా పోతున్నది అతనికే. జనం మూతులు బిగిశాయి.

"అందరు దిగి ఒక్కడు ఉండిపోతె? ఊరి ఫోన్లన్ని ఆ ఒక్కనికే వోతయి. నేను కాకుంటె ఇంకొకడు ఉంటడు. కడుపుకాడ ఎవలు మాట మీద నిలవడ్డరు, చెప్పుండ్రి."

పచ్చి నిజం అది. వెంకట్రాములు ఒక్కడే లేచి, నా మోటరు చెడగొట్టింది నువ్వే కదా, నా మడి చూడు వచ్చి అన్నాడు. రత్నాకర్ తల దించుకున్నాడు. ఒప్పుకున్నాడు కూడా. ఫీజు కోసం తెచ్చిన అప్పు తీరాలంటే వచ్చిన మోటరునల్లా పట్టాలి, పట్టిన మోటరునల్లా ఆ పూటే ఇవ్వాలి. నిద్ర లేదు, పని మీద ధ్యాస లేదు. చేతులు తనవే కానీ పరుగు రావుగారిదన్నాడు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు, సాబెరా నోటి దగ్గరది తీసి రత్నాకర్‌కు పెట్టి, రత్నాకర్ నోటి దగ్గరది పిల్లి తిన్నది.

సాబెరా అతని మీద పెంచుకున్న కోపం ఒక్కసారిగా కాదు కానీ, కొంత కరిగింది. ఆటో అడ్డా చూడమంది అందరినీ. ముందొచ్చినవాడికి ముందు గిరాకీ, రెండో బండి మొదటి బండిని దాటదు. దాటితే అడ్డాలో మళ్లీ నిలవనివ్వరు. మనమూ రాందాస్ చౌరస్తాలో బల్ల వేసుకుందాం, ఒక్క ఫోను పెట్టుకుందాం, ఏ పనికి ఎవరి వంతయితే వారు పోదాం అంది. "మొదటి వంతు రత్నాకర్‌ను తీసుకోనీయుండ్రి. అప్పున్నోడు ముందుగాల వోవాలె."

రత్నాకర్ కట్టినవాళ్ల పక్క నుంచి వచ్చి ఇవతల కూచున్నాడు. అతని వెనక మిగతావాళ్లూ ఒక్కొక్కరే జరిగారు.

తెల్లారి చౌరస్తాలో బల్ల పడింది. కబురు చేరవేసింది రైతులే. వెంకట్రాములు పాలబండ్ల మీద, బియ్యం లారీల మీద హవేలిఘనపూర్ నుంచి అల్లాదుర్గ్ దాకా మాట పంపించాడు. పనిమంతులు ఆఫీసులో ఫోను ఎత్తే ఆడపిల్లలు ఎవరికి కలిపినా ఒకటే జవాబు, బంద్ ఉన్నది. వారం తిరక్కుండా రావుగారి సైటులో పేర్లే మిగిలాయి, పనివాళ్లు లేరు. హైదరాబాద్ కంపెనీ ఏదో దాన్ని కొనడానికి వస్తోందని, ఇన్ని వందల దుకాణాలు నా గుప్పిట్లో ఉన్నాయని ఆయన మాటిచ్చాడని అప్పుడే బయటికి పొక్కింది. చాయ్ ఎందుకు పోశాడో అందరికీ తెలిసింది.

పనివాళ్లు ఊరేగింపుగా ఆఫీసుకు పోయారు. మెట్ల నిండా, రోడ్డు నిండా జనం. ఒక్కటే మాట, మా పేర్లు తీసెయ్యుండ్రి. ఎవరూ రాయి ఎత్తలేదు. అయినా సాయంత్రానికి పోలీసు జీపు సాబెరా దుకాణం ముందు ఆగింది. సిబ్బందిని బెదిరించిందని, వ్యాపారం చెడగొట్టిందని ఆమె మీద రావుగారి ఫిర్యాదు. ఫరీహా ఏడుస్తూ జీపు వెంట పరుగెత్తింది. సాబెరా కూతురికి ఒక్కటే చెప్పింది, చౌరస్తాకు పోయి చెప్పమని.

ఠాణాలో రావుగారు కుర్చీలో ఉన్నాడు, ఆమె బల్ల మీద. ఎస్సై కటువుగా ఏమీ మాట్లాడలేదు. అదే భయం వేసింది ఆమెకు. సారు పెద్దమనసు చేసుకుంటున్నాడు, నీ దుకాణం అయిదేళ్లు ఫ్రీగా అందరికన్నా పైన ఉంచుతాడు, కిరాయి బాకీ కూడా ఆయనే చూసుకుంటాడు, గొడవ మానుకుంటున్నానని సంతకం చేసి ఇంటికి పొమ్మన్నాడు. కాగితం ఆమె ముందుకు జరిపాడు.

సాబెరా కాగితాన్ని చూసింది. దుకాణం నిలుస్తుంది. నాయన కూచున్న చోటే తను కూచుంటుంది. ఫరీహా కాలేజీ ఫీజు, జియా కాలు, అన్నీ ఒక్క సంతకంతో తేలిపోతాయి. ఆశ పుట్టలేదని చెబితే అబద్ధం. చెయ్యి పెన్ను దాకా పోయింది కూడా. పోయి ఆగింది.

"నా పేరు పైన వెడితె ఎవరి పేరు కిందికి వోతది, సారూ?"

ఎస్సై రావుగారి వైపు చూశాడు. రావుగారు గోడ వైపు చూశాడు. సాబెరా కాగితం వెనక్కి నెట్టింది. నా దుకాణం పోతే పోనీ, సంతకం చెయ్యను అంది. అయితే కేసు రాయక తప్పదని ఎస్సై పెన్ను తీశాడు.

అప్పుడే గుమ్మంలో అలికిడి. రత్నాకర్ చెప్పులు విడిచి లోపలికొచ్చాడు, ఎవరూ పిలవకుండానే ఎస్సై ముందు నిలబడ్డాడు.

"సాబెరక్క చేసిందే నేను చేసిన. నా పేరు రాయుండ్రి."

వెనకే లాజరు. అతని వెనక ప్లంబర్లు, టెంటువాళ్లు. బయట ట్రాక్టరు ఆగిన చప్పుడు, వెంకట్రాములు గొంతు, ఇంకా చాలా గొంతులు. ఎస్సై లేచి, ఒక్కొక్కరు బయటికి నడవండని గట్టిగా అన్నాడు. ఎవరూ నడవలేదు. మా పేర్లు రాసుకుంటేనే పోతామన్నారు. ఆగమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి, కొంగు నడుముకు చెక్కి, రావుగారినీ ఎస్సైనీ ఒక్కచూపులో చూసి అడిగింది.

"ఈ లిస్టుల పేరెక్కనీకి ఫీజేమన్న ఉన్నదా, సారూ?"

కానిస్టేబుల్ నవ్వి, ఎస్సై చూపు చూసి నవ్వు మింగాడు. రావుగారి జేబులో ఫోను మోగింది. మోగి మోగి ఆగింది, ఆయన ఎత్తలేదు. సాబెరా బల్ల మీద పక్కకు జరిగి ఆగమ్మకు చోటిచ్చింది. ఆమె పక్కన లాజరు, అతని పక్కన రత్నాకర్ కూచున్నారు. బల్ల నిండిపోతే మిగిలినవాళ్లు నేల మీద కూచున్నారు. ఎస్సై ఇంకో కాగితం తెమ్మన్నాడు. గుమ్మం బయట ఇంకా వస్తూనే ఉన్నారు.