ఎడమ భుజం

గుడ్డలు ఉడుకుతున్న బానలోంచి ఆవిరి లేచి ముఖాన కొట్టగానే మాలకొండమ్మకు కడుపులో తిప్పింది. కట్టెతో గుడ్డల్ని కిందికి అదుముతున్నదల్లా గబగబా ఇసకలోకి నడిచి, తుమ్మచెట్టు పక్కన వంగి, పొద్దున తాగిన రాగి అంబలంతా కక్కేసింది. వాగు నీళ్ళతో నోరు పుక్కిలించుకుని మళ్ళీ బాన దగ్గరికొచ్చి నిలబడింది. ఈసారి కావాలనే మొహం వంచి వాసన పీల్చింది. మురికి వదలడానికి వేసే చౌడుమట్టి, చెమట, పసిపిల్లల ఉచ్చ, ఆవిరి. కాపురానికొచ్చిన నాటినుంచి పీలుస్తున్న వాసనే. కొత్తగా ఏమీ కలవలేదు. మరి ఈవేళ దీనికేమొచ్చింది?

"ఏందే, బానలో ఏమన్నా పడిందా?" ఉతుకుడు బండ దగ్గర్నుంచి ఆమె మొగుడు తిరుపాలు అరిచాడు.

"ఏం పళ్ళేదు మామా. వాసన మారిందేమోనని చూస్తుండా."

తిరుపాలు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. తడి పంచెను పైకెత్తి బండకేసి కొట్టాడు.

ఆత్మకూరికి కోసెడు దూరంలో, చేజర్ల దారి పక్కన ఆ వాగు. ఆంధ్ర రాష్ట్రం వచ్చి ఏడాది తిరిగింది గానీ చాకిరేవులో మారిందల్లా ఒకటే, మూటల్లో ఖద్దరు చొక్కాలు పెరిగాయి. మాలకొండమ్మ సన్నగా పొడుగ్గా ఉంటుంది. నీళ్ళలో నానీ నానీ వేళ్ళ కొసలు ఎప్పుడూ తెల్లగా ముడతలు పడి ఉంటాయి. ఏళ్ళ తరబడి మూటలు మోసి కుడి భుజం ఎడమదానికన్నా కిందికి జారింది. వయసు నలభైకి దగ్గర. కడుపు పండలేదు. మొదట్లో మొక్కులు మొక్కింది, అనుమసముద్రంపేట దర్గాకు పోయి తాయెత్తు కట్టించుకుంది, తర్వాత ఆ సంగతి తలచుకోవడమే మానేసింది.

ఊళ్ళో ఏ ఇల్లాలు నెల తప్పినా మొదట తెలిసేది మాలకొండమ్మకే. ముట్టు గుడ్డలు ఏ ఇంటినుంచి ఎప్పుడు పడతాయో ఆమెకు తెలుసు. పడాల్సిన మూట పడకపోతే, ఆ ఇంటి ముందు ఒక్క క్షణం ఎక్కువసేపు నిలబడేది. ఆ పిల్ల కళ్ళకింద నలుపు చూసేది. మజ్జిగ కుండ మూత తీస్తే ముక్కు మూసుకుంటోందా, పొద్దెక్కినా ఆవులిస్తోందా అని చూసేది. ఎవరితోనూ అనేది కాదు. "మూటలో కనపడిందాన్ని బయట చెప్పబాకే" అని అత్త చెప్పిపోయింది. చెప్పకపోయినా చూడటం మాత్రం మానలేదు. లోపల ఎక్కడో, కనపడని చోట, ఒక ప్రాణి కుదురుకుంటుంటే బయట వాసనలు మారిపోవడం ఏమిటి? అదొక వింతగా ఉండేది ఆమెకు.

తన గుడ్డల సంగతే పట్టించుకోలేదు. కొన్నాళ్ళుగా ముట్టు రాకపోతే, వయసైంది, ఉడిగిపోయిందనుకుంది. ఇప్పుడు బాన పక్కన నిలబడి, ఎవరో పరాయి ఇల్లాలిని చూసినట్టు తనను తాను చూసుకుంది. వాంతి. నోట్లో ఇనుము నాకినట్టు రుచి. మూట ఎత్తుకుంటే రొమ్ములు సలుపు. మాటిమాటికీ తుమ్మచెట్టు చాటుకు పోవడం. మధ్యాహ్నమయ్యేసరికి నిలబడ్డచోటే నిద్ర.

చెట్టు నీడన సంగటి తింటూ చెప్పింది. "మామా, నీళ్ళోసుకున్నట్టుండాది."

"ఎవురు?"

"నేనే."

తిరుపాలు నమలడం ఆపాడు. నోట్లో ముద్ద అట్లాగే పెట్టుకుని ఆమె వైపు చూశాడు. "నిజంగానా?" అన్నాడు. చెంబు తీసుకుని వాగులోకి పోయి, పారే చోట నీళ్ళు ముంచి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఇన్నేళ్ళలో అతడు ఆమెకు నీళ్ళు తెచ్చివ్వడం అదే మొదలు.

పొత్తికడుపులో కుడి పక్క పొద్దుట్నుంచీ పోటుగా ఉన్న సంగతి ఆమె చెప్పలేదు. చీరమీద నల్లటి చుక్కలు పడ్డ సంగతీ చెప్పలేదు. రెడ్డిగారి కోడలు కామాక్షమ్మకు కూడా మొదట్లో చుక్కలు కనిపించాయి. ఆ చీర ఉతికింది తనే. ఆమెకు పండంటి కొడుకు పుట్టాడు. తనకూ అట్లాగే సర్దుకుంటుందనుకుంది.

కానీ ఒక్కటి అంతు చిక్కలేదు. ఎడమ భుజం కొస నొప్పెడుతోంది. మూట మోసేది కుడి భుజంమీద కదా. ఏ బరువూ ఎరగని భుజానికి నొప్పేమిటి? ఆరిన గుడ్డలు మడతపెడుతున్నంతసేపూ అదే ఆలోచించింది.

రెడ్డిగారింటికి మూట చేర్చేసరికి కళ్ళముందు చీకట్లు కమ్మాయి. పంచలో గోడకు ఆనుకుని జారి కూచుంది. చిక్కుడుకాయలు ఒలుస్తున్న కామాక్షమ్మ లేచి వచ్చింది. పాతికేళ్ళు లేని పిల్ల, ఊళ్ళో ఆత్మకూరు ఆస్పత్రిలో పురుడు పోసుకున్న మొదటి మనిషి.

"ఏమైంది మాలకొండా?"

మాలకొండమ్మ చెప్పింది. మొదటిసారి తన మూట తానే విప్పుకుంటున్నట్టుంది. చుక్కల మాట రాగానే నవ్వబోయింది. "నీకూ అయినయి గదమ్మా, బాగనే ఉండావు. నేనూ ఆగి చూస్తా."

"నొప్పి ఉండాదా?"

"కుడిపక్క, ఒక్క చోటనే. అది గాదమ్మా, ఎడమ భుజం నొస్తుండాది. మూట ఇటుపక్కన గదా మోసేది? అటెందుకు నొయ్యాల?"

కామాక్షమ్మ చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది. తనకు చుక్కలు కనబడ్డప్పుడు నర్సు లిదియమ్మ చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. "వాంతులైతే భయపడబాక, గుక్కెడు నీళ్ళు గూడా నిలవకపోతే రా. నెత్తురు కనపడితే ఆగకుండా రా, చూసి చెప్తాను. ఒకపక్కన నొప్పి, కళ్ళు తిరగడం, భుజం కొస సలపడం కలిసొస్తే మాత్రం తెల్లారనీబాక, ఉన్నపళాన రా."

"అత్తా, బండి కట్టించాల. దీన్ని ఆత్మకూరు తీసకపోవాల."

వంటింట్లోంచి రామసుబ్బమ్మ వచ్చింది. ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురులేదు. "చుక్కలు పడితే ఆస్పత్రా? వాము కషాయం కాచిస్తా, పడుకోమను. చాకల్దాన్ని మన గూడుబండిలో తోలకపోతారా ఎవురన్నా?"

"నన్ను తోలకపోయినారు గదత్తా."

"నువ్వూ అదీ ఒకటేనా?"

"నెత్తురు ఒకటే గదా."

రామసుబ్బమ్మకు కోపమొచ్చింది. ఏదో అనబోయి మాలకొండమ్మ మొహంలోకి చూసింది. పెదాలు ఉతికి ఆరేసిన గుడ్డలా తెల్లగా పాలిపోయి ఉన్నాయి. దొడ్లోకి పోయి తనే గడ్డి తెచ్చి బండిలో పరిచి, దానిమీద దుప్పటి వేసింది. "ఎద్దుల్ని ఉరికించబాక, కుదుపు తగుల్తుంది" అని బండివాణ్ణి రెండుసార్లు హెచ్చరించింది.

కబురంది తిరుపాలు రేవులోంచి తడి పంచెతోనే వచ్చి, బండి వెనక పరుగెత్తాడు. కామాక్షమ్మ మాలకొండమ్మ తల తన ఒళ్ళో పెట్టుకుని కూచుంది. దారి పొడుగునా మాలకొండమ్మ గూడు సందులోంచి ఆకాశం చూస్తూ పోయింది.

ఆస్పత్రిలో లిదియమ్మ కనురెప్ప కిందికి లాగి చూసింది, నాడి పట్టుకుంది, పొట్టమీద మెల్లగా నొక్కింది. డాక్టరు వచ్చి చూసి, నెల్లూరు తీసుకుపోయి ఆపరేషన్ చేయించాలన్నాడు. లిదియమ్మ తనే తోడు పోతానంది. నెల్లూరు బస్సును ఆపమని మనిషిని పంపింది.

"బిడ్డ ఉండాదా నర్సమ్మా?"

లిదియమ్మ మాలకొండమ్మ పక్కన కూచుంది. "ఉండాదమ్మా. ఉండాల్సిన చోట లేదు. బిడ్డసంచిలోకి పోకుండా, పోయే దారిలో సన్నటి గొట్టం ఉంటే దాన్లో కూచునేసింది. ఆ గొట్టం చిట్లి లోపల నెత్తురు కారతా ఉండాది. బిడ్డను నిలపలేము. నిన్ను నిలపాల."

తిరుపాలు గోడవైపు తిరిగాడు. మాలకొండమ్మ అడిగింది.

"నెత్తురు కడుపులో కారితే భుజమెందుకు నొస్తుంది?"

ఇట్లాంటి వేళ ఏడ్చేవాళ్ళనే గాని అడిగేవాళ్ళను లిదియమ్మ చూడలేదు. "లోపలి నెత్తురు పైకెక్కి గుండెల కిందుండే పొరను తాకుతుంది. ఆ పొరదీ భుజానిదీ నరం ఒకటే. ఆడ తాకితే ఈడ నొప్పి తెలుస్తుంది."

"అట్నా!" అంది మాలకొండమ్మ. పొద్దుట్నుంచీ తొలుస్తున్నది తేలిపోయి ఆమె మొహం కాస్త తేటపడింది. "దారి తప్పినా, ఇంతకాలానికి వచ్చింది గదా నర్సమ్మా."

ఆపరేషన్‌కు గాజులుండకూడదు. ఏళ్ళుగా తియ్యని గాజులు, కణుపులు లావెక్కి కదల్లేదు. లిదియమ్మ సబ్బు రాసి ఒక్కొక్కటే మెల్లగా తీసి, కిటికీలో పెట్టింది. అంతలో బయట బస్సు హారన్ మోగింది.

నెల్లూరులో పొట్ట కోసి చిట్లిన గొట్టాన్ని తీసేశారు. తెలివొచ్చాక మాలకొండమ్మ దాన్ని చూపించమని అడిగింది. అప్పుడే తీసుకుపోయి పారేశామన్నారు. ఆమె పక్కకు తిరిగి పడుకుంది. తిరుపాలు మంచం పక్కన నేలమీద కూచుని ఆమె పాదం పట్టుకున్నాడు.

బతికింది. కోలుకుని ఊరికి పోతూ ఆత్మకూరులో దిగి లిదియమ్మను చూడటానికి వచ్చింది. చేతులకు తిరుపాలు నెల్లూరులో కొనిచ్చిన కొత్త ఎర్రగాజులున్నాయి. లిదియమ్మ కిటికీ చూపించింది. మాలకొండమ్మ దగ్గరికి పోయి, చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"ఈడనే ఉండనీ నర్సమ్మా" అని మెట్లు దిగిపోయింది.

కిటికీలో పాత నల్లగాజులు ఒకదానిమీద ఒకటి ఒరిగి ఉన్నాయి. వాటి లోపలి అంచున చౌడు సన్నటి తెల్లగీతలా ఎండిపోయి అంటుకుని ఉంది.