బయమ్మ ముంత

ఉరవకొండ పక్కనున్న ఆ పల్లెకు 1965లో వాన మొహం చాటేసింది. ఆ ఏడే నల్లమ్మ కళ్ళకు మసక కమ్మి, వంటపని మనుమరాలు దీనమ్మ చేతికి వచ్చింది. కొడుకు సుంకన్నకు పెళ్ళాం పోయి రెండేళ్ళు. ఇంట్లో ఉన్నది ఆ ముగ్గురే.

నల్లమ్మ బెంగ వాన గురించి కాదు, పొయ్యి పక్కనున్న ముంత గురించి. ఆమె అత్త బయమ్మ ఆ పల్లెలో అందరికంటే ముందు బాప్తిస్మం తీసుకున్న మనిషి. వండే ముందు పిడికెడు గింజలు దేవుడికని ఆ ముంతలో వేసి, ఏటా కోత పండుగనాడు యేసయ్య గుడికి తీసుకెళ్ళేది. డొక్కలెండిన కరువులో కూడా మానలేదు. నల్లమ్మకు ఎవరూ చెప్పలేదు, చూసి నేర్చుకుంది. పదిహేనేళ్ళ దీనమ్మ కూడా అలాగే నేర్చుకోవాలని ఆమె పంతం. చెప్పి చేయిస్తే అది తన భక్తి అవుతుంది గానీ పిల్లది ఎలా అవుతుంది?

పది రోజులు చెవి ఒగ్గి విన్నది. ముంత మూత చప్పుడే లేదు. బడిలో నాలుగు అక్షరాలు వచ్చేసరికి ముత్తవ్వ నేర్పిన పని మరిచిందే అని కుమిలిపోయింది. అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. ఆనాటి నుంచి పిల్ల నీళ్ళకు వెళ్ళినప్పుడు తడుముకుంటూ పోయి, తానే పిడికెడు కొర్రలు ముంతలో వేయసాగింది.

గింజలు ఇట్టే తరిగిపోతున్నాయి.

"ఏమ్మా, కొర్రలు ఇంత తొందరగా అయిపోతాండాయి?" అన్నాడు సుంకన్న.

"ఎలకలు నాయనా," అంది నల్లమ్మ.

"అవు నాయనా, ఎలకలే," అంది దీనమ్మ, తననెవరూ అడగకముందే.

సుంకన్న పక్కింటి అమీర్ బీని అడిగి పిల్లిని తెచ్చి పెట్టాడు. ఎలుకలు దానికి లొంగలేదు.

కోత పండుగ ఆదివారం వచ్చింది. గుడిలో పాస్టరయ్య "బయమ్మ ఇంటివాళ్ళు" అని పిలిచాడు. నల్లమ్మ కొంగు చాటు ముంతతో లేచింది. తన తర్వాత ఈ పిలుపుకు లేచేవాళ్ళు ఉండరని ఏడుపు ముంచుకొచ్చింది. అంతలో పక్కన గాజులు గలగలమన్నాయి. దీనమ్మ కూడా లేచింది, చేతిలో ఇంకో ముంతతో.

"అదేందిమ్మే?"

"దేవుని గింజలవ్వా. బయట చెరిగేటప్పుడే పిడికెడు తీసి, ఉట్టి మింద దాచిపెడ్తి. నీ ముంత నువ్వు ఇయ్యకపోతివి. అడగాలంటే నామోషీ అయింది."

"నేను నీకు ఎన్నడూ చెప్పలేదు గదమ్మే!"

"చెప్పేదేముండాది? చిన్నప్పటి నుంచి చూస్తాండా గదా."

నల్లమ్మ ఆ ముంతలో చేయి పెట్టి చూసింది. తనదానికంటే నిండుగా ఉంది. తన గింజలు గబగబా ముందున్న కానుకల కుప్ప మీద గుమ్మరించి, పిల్ల ముంతను రెండు చేతులా పైకెత్తింది.

"అయ్యా, ఇది నా మనమరాలు తీసిపెట్టింది! నేను చెప్పలేదయ్యా, తనంతట తనే తీసిపెట్టింది!" అని గుడి దద్దరిల్లేలా అరిచింది. కొడుకు పుట్టిన రోజున కూడా ఆమెకు అంత గర్వం కలగలేదు. ఖాళీ అయిన బయమ్మ ముంతను అందరి ముందే దీనమ్మ చేతుల్లో పెట్టింది.

వెనక నుంచి సుంకన్న, "ఇంగ ఆ పిల్లిని ఇచ్చేసి వస్తాలే," అన్నాడు.