రెండు గురుగుల గంజి

నర్మద పెనిమిటి కొమురెల్లి బొంబాయి మిల్లు నుంచి పంపిన మూటలో ఎండిన సముద్రపు నాచు ఉంది. వెంట ఒక కార్డు ముక్క. "ఈడ కాలేజీల ఊడ్చేటోడు నా దోస్తు. ఆడి సార్లు అద్దం బిళ్ల మీద బూజు పెంచి, నాచు రసం చుక్క ఏస్తరట. చుక్క చుట్టు బూజు రాదట. మన గంజిల ఏసి చూడు."

అత్త దేవవ్వ ముక్కు మూసుకుంది. "థూ, చేపల కంపు! చెన్నూరు గోదారిల నాచు కరువైందా?"

నర్మదకు నవ్వు రాలేదు. కిందటి ముసురులో గంజి పెట్టిన పడుగు దారాలకు బూజు పట్టి నల్ల మచ్చలొచ్చి, నేతగాళ్ల సొసైటీవాళ్లు బట్ట తిప్పి పంపారు. ఈసారీ మచ్చలుంటే నూలు ఇచ్చేది లేదన్నారు. మగ్గం ఆగితే చంటిదాన్ని చంకనేసుకుని తానూ బొంబాయి పోవాలి. ఆ ఇరుకు గదుల్లో బిడ్డకు గాలైనా ఆడుతుందా?

ఆరో తరగతి సగంలో బడి మాన్పించినా, రెండు పక్కపక్కన పెట్టి చూడాలన్న సారు మాట ఆమె మరవలేదు. నాచును ఉప్పు పోయేదాకా కడిగి, దంచి, మరగబెట్టి, వడగట్టింది. ఒకే గంజిని రెండు చిన్న మట్టి గురుగుల్లో పోసి, ఒకదాంట్లో రసం కలిపి మెడకు ఎర్రదారం కట్టింది. బిడ్డకు అందకుండా అటక మీద పెట్టింది.

ముసురు విడవలేదు. అయిదోనాడు పొద్దున్నే మూతలు తీసింది. ఒకదాంట్లో నల్లటి బూజు. ఎర్రదారం గురుగులో తెల్లటి గంజి!

"అత్తమ్మా! జల్ది రా!"

"గంత లొల్లెందుకే? రోజు నేను కలుపుతనే ఉన్న గద."

నర్మద చప్పున ఆమె వైపు తిరిగింది. "కలిపినవా? ఒక్క కట్టెతోనేనా?"

"గంజి అడుగంటదా మరి? ముందు మంచిది కలిపి, ఎనుక గీ కంపుది కలిపి, కట్టె కడిగి పెట్టిన."

అంతా పాడైందనుకున్న నర్మద అంతలోనే ఎగిరి గంతేసింది. "అంటే గా కట్టెతోని బూజు రోజు గీ నాచు గంజిలకు పోయింది! పోయి గూడ బతకలే అత్తమ్మా!"

దేవవ్వ గురుగు చేతిలోకి తీసుకుని వాసన చూసింది, వెలుతురుకు వంచి చూసింది. చివరికి గురుగు దించి బిడ్డకోసం చేతులు చాపింది.

"పిల్లనిటియ్యి. పడుగు గంజికి నాచు ఎంత పడ్తదో చెప్పు."

"గురుగుకు దోసెడు. గదే లెక్క!"

మరో వారం ముసురే. ఇద్దరూ వెతికి వెతికి చూసినా నాచు గంజి పట్టించిన పడుగు మీద ఒక్క మచ్చ దొరకలేదు. నేసిన బట్టను సొసైటీవాళ్లు ఈసారి తీసుకున్నారు. ఆ పూటే నర్మద కార్డు రాసింది: "మేం బొంబాయి రాం. ఇంకో మూట పంపుండ్రి."