ఇరవై కిలోల నవల

ఇరవై కిలోల పాత కాగితం తూస్తే ఒక కూపను. ఆ కూపను చూపిస్తేనే గట్టి అట్ట నవల అమ్ముతారు. లేనివాడు కొట్టు అద్దంలోంచి చూసి పోవాల్సిందే. రష్యాలో ఈ పెర్మ్ ఊరంతా ఇదే పని మీద ఉంది గానీ, ప్రోఖర్ లూకిచ్ పుస్తకాల మనిషి కాడు. ట్రాము షెడ్డులో నలభై ఏళ్లు చక్రాలు బిగించినవాడు.

నవల కావలసింది భార్య వార్వారాకి. మొదటి భాగం ఆమె దగ్గరే ఉంది, అట్టలు ఊగిపోతూ. రెండోది ఆమె ఇంకా చదవకముందే ఎవరో చదివి తిరిగిస్తామని పట్టుకుపోయి పదకొండేళ్లయింది. ఇప్పుడామె కళ్లకి పొర కమ్ముతోంది. చూపుండగానే ఆ కథ చివరికి ఏమైందో తెలుసుకోవాలని ఆమె పట్టు. కొత్త అచ్చు వచ్చిందని కొట్టు అద్దానికి అంటించిన కాగితం చూసొచ్చి చెప్పినందుకు లూకిచ్ తనను తానే తిట్టుకున్నాడు.

మూడు నెలలు పత్రికలు పోగేసి బాల్కనీలో పేర్చాడు. పురికొసతో కట్టి, మంచు మీద లాగే జారుడుబండి మీద లాక్కుపోయాడు. తూకం దగ్గర కూర్చునే తమారా కట్టలోకి చెయ్యి దూర్చి, తడిగా ఉందని ఇరవైలో ఒక కిలో కోసేసింది.

"నీళ్లు నేను చల్లలేదు తల్లీ. మంచు పడింది."

"మంచుకి కూపను లేదు తాతా."

బండి అక్కడే వదిలి ఇంటికొచ్చాడు. వార్వారా కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఇల్లంతా వెతికినా చిత్తుకాగితం దొరకలేదు. అలమరలో పాత మొదటి భాగం కనపడింది. ఎలాగూ రెండు భాగాలూ కొత్తవి వస్తుంటే ఈ చిరుగుల బొంతెందుకు అనుకుని చంకన పెట్టుకు పోయాడు. అట్టలు తూకంలోకి రావంది తమారా. పళ్లు కొరుక్కుంటూ అట్టలు పీకి ఇచ్చాడు. ముల్లు ఇరవై దగ్గర నిలిచింది.

కొట్టులో అమ్మాయి ఒక్క పుస్తకమే బల్ల మీద పెట్టింది. రెండోదేదని అడిగితే, ఈ కూపనుకి మొదటి భాగమే, రెండోది వచ్చే చలికాలం, దానికి మళ్లీ ఇరవై కిలోలు అంది. అద్దం మీది కాగితంలో కింద రాసే ఉందంది. లూకిచ్ పైన ఉన్న పెద్ద అక్షరాలే చదివాడు. బళ్లో మూడేళ్లు చదివినవాడికి అవే ఎక్కువ.

ఇంటికొచ్చి పుస్తకం ఇచ్చాడు. వార్వారా అట్ట తడిమింది, చివరి పేజీ ముక్కుకి ఆనించుకుని చూసింది.

"ఇది నా దగ్గరున్నదే కదయ్యా లూకిచ్."

"ఉండేది. ఇప్పుడు లేదు."

జరిగిందంతా నేలచూపులు చూస్తూ చెప్పాడు. ఆమె టీ చివరి గుక్కదాకా తాగింది. తరవాత లేచి వెళ్లి, ఉప్పుచేప చుట్టొచ్చిన పత్రిక విప్పి అతని ముందు పడేసింది.

"ఇది ఆరబెట్టు. ఈసారి బాల్కనీలో కాదు, మంచం కింద."

"వచ్చే చలికాలానికి నీ కళ్లు నిలవకపోతేనో?"

"నువ్వే చదివి పెడతావు. కింద రాసినవి కూడా."

లూకిచ్ గొణుక్కుంటూ పత్రిక మీది పొలుసులు గోటితో గీకసాగాడు.