రెండో గొంతు

హెన్నా కుడి చూపుడువేలికి మూడో చుట్టు టేపు వేస్తుండగా వ్యాన్ వెనక తలుపు దడాలున పడింది. టేపు వంకర పోయింది. విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. తలుపు ఎంత గట్టిగా పడిందన్న దాన్ని బట్టి కైసు మనసెలా ఉందో చెప్పగలదు ఆమె. ఎనిమిది వేసవుల అలవాటు. ఈ పొద్దు బాగాలేదు.

"జావ తాగవే, చల్లారిపోతోంది." కైసు గిన్నె ముందుకు తోసింది. "రాత్రంతా పళ్ళు కొరికావు. పోటీ నాదైతే కంగారు నీకా?"

"నాకేం కంగారు లేదు."

"అబద్ధమాడితే నీ చెవులు ఎర్రబడతాయే, పిచ్చిమొహమా!" కైసు నవ్వింది. ఒక క్షణం ఆగి హెన్నా కూడా నవ్వింది.

హెన్నాకు ముప్పై తొమ్మిదేళ్ళు. చలికాలమంతా కువోపియో ఊళ్ళో ఒక బడి వంటింట్లో బంగాళదుంపల తొక్క తీస్తుంది. మంచు కరిగాక కైసు వ్యాన్ ఎక్కుతుంది. ఇద్దరూ వ్యాన్‌లోనే పడుకుంటూ ఊరూరా తిరిగి, పళ్ళెం లాంటి డిస్క్‌ను వీలైనన్ని తక్కువ త్రోలలో గొలుసులు వేలాడే బుట్టలోకి విసిరే డిస్క్ గోల్ఫ్ పోటీల్లో ఆడతారు. పదహారేళ్ళుగా ఆడుతున్నా హెన్నా ఆరో స్థానం దాటి పైకి రాలేదు. పొట్టి మనిషి, గుండ్రటి భుజాలు, ఎండకు పొలుసులు లేచే ముక్కు. ఫోటోల్లో ఎప్పుడూ ఎవరి మోచేతి వెనకో సగం కనిపిస్తుంది.

ఈ ఆటలో అంపైరు వెంట తిరగడు. కలిసి ఆడేవాళ్ళే ఒకరి తప్పు ఒకరు పట్టుకోవాలి. మరొకరు దాన్ని బలపరచాలి. ఆ రెండో గొంతు లేకపోతే తప్పు జరగనట్టే లెక్క. బలపరచమని అడిగిన ప్రతిసారీ హెన్నా చెప్పిన మాట ఒక్కటే: "నేను చూడలేదు."

ఈ రోజు కైసుకు చావోరేవో. మొదటి పదిమందిలో నిలిస్తేనే వచ్చే ఏడాది పెద్ద పోటీల టూర్‌లో చోటు. ఆమెది సరిగ్గా పదో స్థానం. ఒకే ఒక్క త్రో వెనకగా లీస్ ఉంది, ఎస్తోనియా నుంచి వచ్చిన ఇరవై మూడేళ్ళ పిల్ల. అయిదు త్రోలు వెనకగా హెన్నా. ముగ్గురూ ఒకే గుంపులో పడ్డారు. హెన్నా ఆశ నిన్ననే ఆవిరైపోయింది. భయం మాత్రం అలాగే ఉంది.

అయిదో బుట్ట దగ్గర కైసు డిస్క్ బర్చ్ చెట్టుకు తగిలి పొదల్లో పడింది. లీస్ విసరబోతుండగానే కైసు తన సంచీని ఫెడీమని తన్నింది. లీస్ చెయ్యి తడబడింది. ఆ పిల్ల తిరిగి హెన్నా వైపు చూసింది. హెన్నా వంగి బూటు లేసు కట్టుకుంది. అది అప్పటికే కట్టి ఉంది.

"ఏమ్మా టాలిన్ పిల్లా, చప్పుడుకే జడుసుకుంటావా?" అంది కైసు.

"తన్నింది సంచీనే కదా అని ఊరుకున్నాను," అంది లీస్.

కైసు అరిస్తే హెన్నాకు భయం లేదు, మాట ఆపేస్తేనే భయం. మూడేళ్ళ కిందట కయానీ వెళ్ళే దారిలో, "ఆ చివరి త్రో కొంచెం మెత్తగా వేశావు" అన్నందుకు కైసు నడి అడవిలో వ్యాన్ ఆపేసింది. స్టీరింగ్ మీద చేతులు పెట్టి నలభై నిమిషాలు పలకలేదు. అద్దాల మీద దోమలు. చివరికి హెన్నాయే క్షమించమంది. ఆ నలభై నిమిషాలే రాత్రిళ్ళు ఆమె పళ్ళ మధ్య నలుగుతుంటాయి.

పదిహేడో బుట్ట దగ్గరికి వచ్చేసరికి ఆకాశాన్ని మబ్బు కమ్మింది. ఇంకా అదే ఒక్క త్రో తేడా. కైసు డిస్క్ బుట్టకు ఏడు మీటర్ల దూరంలో ఆగింది. ఆమె నేల మీద గుర్తు బిళ్ళ పెట్టి దాని వెనక నిలబడింది. ఇంత దగ్గర నుంచి విసిరితే, ఒళ్ళు నిలదొక్కుకున్నాకే బిళ్ళ దాటాలి.

డిస్క్ గాలిలోకి లేచింది. దానితోపాటే కైసు ముందుకు తూలింది. ఎడమకాలు బిళ్ళ దాటి గడ్డిలో దిగబడింది. అప్పుడు మోగాయి గొలుసులు. డిస్క్ బుట్టలో పడింది.

"కాలు దాటింది," అంది లీస్ వెంటనే. "హెన్నా, మీరు చూశారు కదా?"

కైసు బుట్టలోంచి డిస్క్ తీసుకుంటూ వెనక్కి కూడా చూడలేదు. "దాన్నడిగి ఏం లాభం? దానికెప్పుడూ ఏమీ కనపడదు."

హెన్నా ఎనిమిదేళ్ళుగా కైసు ఒంట్లో ప్రతి కదలికనూ చూస్తూనే బతికింది. దవడ బిగియడం, భుజం లేవడం, మడమ బరువెక్కడం. ఈ అడవిలో ఆ కాలిని ఆమెకన్నా బాగా చూసినవాళ్ళు లేరు. అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"చూశాను," అంది. "దాటింది."

కైసు తల తిప్పింది. తిట్టలేదు. సంచీని తన్నలేదు. డిస్క్ మీది తడిని నెమ్మదిగా చొక్కాకు తుడుచుకుంది.

"బాగా చూశావే," అంది, చాలా మెత్తగా.

ఒక త్రో శిక్ష పడింది. ఇద్దరూ సమమయ్యారు. చివరి బుట్టకు కైసు విసిరిన డిస్క్ చెరువు మీదుగా వంపు తిరిగి, తిరిగి, నీళ్ళలో పడింది. పదో స్థానం లీస్‌దయింది. కైసు స్కోరు కాగితం మీద సంతకం చేసి లీస్‌తో చెయ్యి కలిపింది. హెన్నా చాచిన చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

"నా కోసం చెప్పారా?" అడిగింది లీస్.

"కాదమ్మా."

"మరి?"

హెన్నాకు పార్కింగ్ వైపు వెళ్ళబుద్ధి కాలేదు. ఎవరూ అడగకపోయినా జెండాలు పీకింది, కుర్చీలు మడిచింది, చెత్త ఏరింది. వాన మొదలైంది. ఎంతకీ చీకటిపడని వేసవి సాయంత్రం, చెట్ల మొదళ్ళన్నీ తడిసి నల్లబడ్డాయి. వ్యాన్‌లో ఆ నిశ్శబ్దం తన కోసం కూర్చుని ఉంటుంది. కువోపియో దాకా నాలుగు గంటలు. నలభై నిమిషాలు కాదు, నాలుగు గంటలు. ఒక్కో అడుగూ లెక్కపెట్టుకుంటూ చెట్లు దాటింది.

వ్యాన్ లేదు.

కంకర మీద అది నిలిచిన మేర దీర్ఘచతురస్రంలా ఇంకా పొడిగానే ఉంది. వాన చినుకులు అంచుల నుంచి దాన్ని కొరుక్కుంటూ వస్తున్నాయి. నడిమధ్యలో హెన్నా తలగడ ఉంది, వాన తడి తగలకుండా నల్లటి చెత్త సంచీలో పెట్టి, మూతి దగ్గర రెండు ముళ్ళు వేసి.